ఫేర్‌వెల్ పార్టీలో చెప్పే కారణం వేరు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో పదమూడేళ్ళుగా ఉంటున్నారు. మీ వీధిలో, మీ టీమ్‌లో కలిపి రెండేళ్ళలో నాలుగు తెలుగు కుటుంబాలు సామాను సర్దుకుని ఇండియా వెళ్ళిపోయాయి. అందరివీ మంచి ఉద్యోగాలే, ఇద్దరికి సొంతిళ్ళు కూడా ఉన్నాయి. "ఇదంతా వీసా భయమేనా, ఇంకేమైనా ఉందా? మేమూ ఆలోచించాలా?" అని అడిగారు. పాప మూడో తరగతి అన్నారు. నల్లగొండలో అమ్మగారూ నాన్నగారూ ఇద్దరే ఉంటున్నారనీ, నాన్నగారికి 71 అనీ చివర్లో ఒక్క వాక్యం రాశారు. నా జవాబు చాలావరకు ఆ చివరి వాక్యం గురించే.

మేం 2007 మార్చిలో న్యూజెర్సీ వెళ్ళాం, 2018 జూన్‌లో తిరిగొచ్చాం. మావారిది హెచ్-1బీ, అంటే ఉద్యోగ వీసా. నాది హెచ్-4, అంటే ఆయన భార్యగా వచ్చిన వీసా. వచ్చి ఏడేళ్ళు దాటింది. ఈలోగా తిరిగొచ్చినవాళ్ళూ, రావాలా వద్దా అని తేల్చుకోలేక సెలవుల్లో వచ్చినవాళ్ళూ కలిపి నలభై కుటుంబాల దాకా మా ఇంట్లో కూర్చుని ఇదే మాట్లాడి ఉంటారు. వాళ్ళలో కొందరు వచ్చి, ఇమడలేక, మళ్ళీ వెనక్కి వెళ్ళారు. వాళ్ళ గురించి కూడా రాస్తాను.

ముందు వీసా సంగతి. అది వట్టి సాకు కాదు, నిజంగానే మనిషిని అరగదీస్తుంది. హెచ్-1బీ మూడేళ్ళు, ఇంకో మూడేళ్ళు, మొత్తం ఆరు. ఆ లోపు కంపెనీ గ్రీన్ కార్డుకి (శాశ్వత నివాసానికి) వేసి, ఐ-140 అనే ఆ పిటిషన్ అప్రూవ్ అయితే ఆరేళ్ళ తర్వాత కూడా మూడేసి ఏళ్ళ చొప్పున పొడిగించుకుంటూ పోవచ్చు, ఎన్నిసార్లయినా. ఉద్యోగాల కోటాలో అమెరికా మామూలుగా ఏడాదికిచ్చే గ్రీన్ కార్డులు 1,40,000. ఒక్కో దేశానికి 7 శాతం మించకూడదు. ఆ కోటాలో ఒక భాగమైన ఈబీ-2 (పెద్ద చదువులవాళ్ళ) లైన్లో మనవాళ్ళు ఎక్కువ, అందులో ఆ లెక్కన భారతీయులకొచ్చేవి ఏడాదికి సుమారు 2,800. వేరే దేశాలవాళ్ళు వాడుకోగా మిగిలితే ఇంకాసిని. భార్యాపిల్లల కార్డులు కూడా అందులోంచే పోవాలి, అంటే గట్టిగా వెయ్యి కుటుంబాలు. ఎన్ని లక్షల మంది ఆ లైన్లో నిలబడ్డారో మీకు నేను చెప్పక్కర్లేదు.

మా ప్రయారిటీ డేట్, అంటే లైన్లో మా చోటు చెప్పే తేదీ, 2010 నవంబరు. ఏ తేదీవాళ్ళ దాకా వంతు వచ్చిందో నెలనెలా చెప్పే వీసా బులెటిన్ మేం బయల్దేరిన వేసవిలో 2009 మొదట్లో ఉంది. వినడానికి ఇరవై నెలల దూరమే. కానీ అది నెలకో వారం కదిలేది, ఒక్కో నెల కదిలేదే కాదు. బులెటిన్ వచ్చే రోజుల్లో మావారు అన్నం తింటూ కూడా ఫోన్ పక్కన పెట్టుకుని దాన్నే తిప్పి తిప్పి చూసేవారు. మధ్యలో ఉద్యోగం పోతే 60 రోజులు. ఆ లోపు ఇంకో కంపెనీ పిటిషన్ వెయ్యాలి, లేదా స్టేటస్ మార్చుకోవాలి, లేదా దేశం విడిచి వెళ్ళాలి. 2022 చివర్నుంచి పెద్ద కంపెనీలు వేలల్లో మనుషుల్ని తీసేసినప్పుడు ఆ 60 రోజులు లెక్కపెట్టుకున్న ఇళ్ళు ఎన్నో. 2025 సెప్టెంబరు 19న కొత్త హెచ్-1బీ పిటిషన్లకి లక్ష డాలర్లు కట్టాలని ప్రకటన వచ్చింది గుర్తుందా? ఇప్పటికే వీసా ఉన్నవాళ్ళకి అది వర్తించదని మర్నాటికి వివరణ ఇచ్చారు. కానీ ఆ ఒక్క రాత్రిలో, సెలవు మీద ఇండియా వచ్చినవాళ్ళు ఉన్నపళంగా టికెట్లు కొనుక్కుని ఎయిర్‌పోర్టుకి పరిగెత్తారు. మా కింది ఫ్లాట్‌లో పెళ్ళికొచ్చిన అబ్బాయి చెల్లెలి అప్పగింతలు కూడా చూడకుండా శంషాబాద్ వెళ్ళాడు. వాళ్ళమ్మ గారు ఆ మాట ఇప్పటికీ చెప్పుకుని బాధపడతారు.

ఇదంతా నిజమే. కానీ ఇదే భయంతో పదేళ్ళు నెగ్గుకొచ్చినవాళ్ళు పదకొండో ఏట ఎందుకు కదిలారు? వీసా కష్టం ప్రతి ఏడూ ఉంది కదా, ఆ ఏడాదే ఎందుకు? నేను మా ఇంటికొచ్చిన ప్రతివాళ్ళనీ అడిగేది ఇదే: ఏ రోజు అనుకున్నారు? కాసేపు వీసా, ట్రంపు, లేఆఫులు అన్నీ అయ్యాక, దాదాపు అందరికీ ఒక రోజు ఉంటుంది. ఆ రోజు ఒక ఫోన్ కాల్ ఉంటుంది. ఫేర్‌వెల్ పార్టీలో ఆ కాల్ గురించి చెప్పరు. వీసా అంటే అందరూ తలూపుతారు. "మా నాన్న కోసం వెళ్తున్నాం" అంటే గదిలో ఉన్న ప్రతివాళ్ళకీ ఒక నాన్న ఉంటాడు కదా, ఎదుటివాళ్ళని తప్పు పట్టినట్టు అవుతుందేమోనని మింగేస్తారు. మేమూ అంతే చేశాం. "హైదరాబాద్‌లో మంచి ఆఫర్ వచ్చింది" అని చెప్పాం.

మా రోజు 2016 శీతాకాలంలో వచ్చింది. శనివారం రాత్రి ఎనిమిదిన్నరకి మాకు, తెనాల్లో అమ్మానాన్నలకి ఆదివారం పొద్దున్న ఏడింటికి, వారం తప్పకుండా వీడియో కాల్. నాన్న ఫోన్ పట్టుకుంటే సగం నుదురు, సగం సీలింగ్ ఫ్యాను కనిపించేవి. ఏళ్ళ తరబడి ఆ నుదురే చూస్తున్నాం కాబట్టి పట్టించుకునేవాళ్ళం కాదు. ఒక వారం మాట్లాడుతూ ఉంటే ఎందుకో ఫ్యాను మీదకి దృష్టి పోయింది. హాల్లో ఫ్యాను తెల్లది. ఇది గోధుమరంగుది, ఒక రెక్క చివర తెల్లటి మరక ఉంది. నేను ఇంటర్ చదివేటప్పుడు గోడలకి సున్నాలు వేస్తుంటే పడిన మరక అది. లోపలి గదిలో ఫ్యాను. కిందటి వారం కూడా ఇదే ఫ్యాను కదా అనిపించింది. అంతకుముందు వారం కూడా.

"నాన్నా, ఓసారి లేచి హాల్లోకి రండి" అన్నా. అమ్మ చటుక్కున ఫోన్ తీసుకుని "జలుబు చేసిందే, పడుకున్నారు. పిల్లలేం చేస్తున్నారు?" అంది. మర్నాడు పక్కింటి అత్తయ్యగారికి ఫోన్ చేస్తే అప్పుడు తెలిసింది. బాత్‌రూమ్‌లో జారి పడ్డారు. తుంటి ఎముకలో సన్నటి చీలిక. గుంటూరు తీసుకెళ్ళి చూపించారు, ఆరు వారాలు మంచం దిగొద్దన్నారు. అమెరికాలో పిల్ల కంగారు పడుతుంది, ఎవరూ చెప్పొద్దని వీధిలో అందరి దగ్గరా మాట తీసుకున్నారట.

ఆ రాత్రి మేం ఏ నిర్ణయమూ తీసుకోలేదు. కానీ ఆ తర్వాత ప్రతి కాల్‌లోనూ వాళ్ళ ముఖాల వెనకాల గది వెతకడం నాకు అలవాటైపోయింది. మంచం పక్కన కొత్త మందుల డబ్బా ఏమైనా ఉందా, గోడకి కొత్తగా రాడ్డు బిగించారా, మూలన కర్ర ఉందా అని. ఏడాదిన్నర అలా గడిచాక టికెట్లు కొన్నాం.

మిగతావాళ్ళవీ ఇలాంటివే. ఒకాయనకి వాళ్ళమ్మ ఒకే కాల్‌లో "అన్నం తిన్నావా" అని నాలుగుసార్లు అడిగిన రోజు. ఇంకో ఆవిడది 2020. కాన్సులేట్లు మూతపడి, వెళ్తే మళ్ళీ స్టాంపింగ్ (తిరిగి రావడానికి పాస్‌పోర్టులో వీసా ముద్ర) దొరకదని ఆగిపోయి, తండ్రి అంత్యక్రియలు ఫోన్లో చూశారు. తల్లి ఇంకా ఉండగానే రావాలని అప్పుడే గట్టిగా అనుకున్నారట.

"వాళ్ళనే ఇక్కడికి తెచ్చుకోవచ్చు కదా" అని మీరు అనుకుంటూ ఉండొచ్చు. మేమూ తెచ్చుకున్నాం, మూడుసార్లు. విజిటర్ వీసా మీద వస్తే మామూలుగా ఆర్నెల్లు. శాశ్వతంగా తెచ్చుకోవాలంటే మీరు పౌరులై ఉండాలి, గ్రీన్ కార్డు ఉన్నా చాలదు. విజిటర్ ఇన్సూరెన్సుల్లో చాలావాటికి పాత జబ్బులు పట్టవు. డెబ్బై దాటినవాళ్ళకి పాత జబ్బు కానిదేముంటుంది? అన్నిటికన్నా పగళ్ళు కష్టం. మేం పనికి, పిల్లలు బడికి వెళ్ళాక నాన్న కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవారు. తెనాల్లో పొద్దున్నే పాలకి వెళ్తే దారిలో పదిమందిని పలకరించి వచ్చే మనిషి. న్యూజెర్సీలో మేముండే ఎడిసన్‌లో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. నాలుగో నెలకి క్యాలెండర్లో రోజులు కొట్టేస్తూ ఉండేవారు.

రెండో కారణం కూడా పార్టీల్లో చెప్పరు. అది ఇంట్లో ఆడవాళ్ళది. నేను ఎమ్‌టెక్ చదివి, ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ పెళ్ళి చేసుకుని వెళ్ళినదాన్ని. హెచ్-4 వాళ్ళకి 2015 మే 26 దాకా పనిచేసే హక్కే లేదు. ఎనిమిదేళ్ళు ఇంట్లో ఉన్నాను. పిల్లలు పుట్టారు, పెంచాను, అది తక్కువని అనను. కానీ "మీరేం చేస్తుంటారు" అని ఎవరైనా అడిగితే ముందు "ఇండియాలో అయితే..." అని మొదలుపెట్టేదాన్ని. పర్మిట్ వచ్చాక 2016లో టెస్టింగ్ ఉద్యోగం దొరికింది. మరుసటి ఏడాదే ఆ పర్మిట్లు ఎత్తేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. చివరికి ఎత్తెయ్యలేదు గానీ, ఆ మూడు నాలుగేళ్ళూ ఎంతమంది ఆడవాళ్ళు ఇవాళో రేపో అని పనిచేశారో నాకు తెలుసు. ఇండియా వస్తే నా ఉద్యోగం మావారి వీసాకి ముడిపడి ఉండదు. ఇంత చిన్న విషయం ఎంత పెద్దదో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. మీ ఆవిడ కూడా హెచ్-4 పర్మిట్ మీద చేస్తున్నారని రాశారు. ఈ విషయం ఆవిడనే అడగండి, మీరు ఊహించుకోకండి.

ఇక పని. ముప్పై, నలభై ఏళ్ళ కిందట తిరిగి రావడమంటే ఏదో ఒకటి కొత్తగా కట్టడానికి రావడం. ప్రతాప్ సి. రెడ్డి గారు తండ్రి రాసిన ఉత్తరంతో అమెరికా నుంచి వచ్చి, 1983లో మద్రాసులో అపోలో ఆస్పత్రి తెరిచారు. గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు అమెరికాలోని రోచెస్టర్‌లో స్థిరపడిన కంటి డాక్టరుగిరీ వదిలి వచ్చి 1987లో హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి మొదలుపెట్టారు. కృష్ణ ఎల్ల, సుచిత్ర దంపతులు అమెరికా నుంచి వచ్చి 1996లో భారత్ బయోటెక్ పెట్టారు. వాళ్ళకి ముందు తరంలో భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికా వెళ్ళినవారు వెళ్ళినట్టే, 1948లో న్యూయార్క్‌లో పోయేదాకా మళ్ళీ ఇంటి గడప తొక్కలేదు. అంత పెద్దవాళ్ళ కథలు విని, తిరిగి రావాలంటే మనమూ ఏదో ఘనకార్యం చెయ్యాలేమో అని కొందరు భయపడతారు.

అక్కర్లేదండీ. ఇప్పుడు వచ్చేవాళ్ళలో ఎక్కువమంది అక్కడ చేసే పనే ఇక్కడ చేస్తున్నారు. మైక్రోసాఫ్ట్ హైదరాబాద్‌కి 1998లోనే వచ్చింది, గూగుల్ 2004లో. అమెజాన్ 2019లో గచ్చిబౌలి దగ్గర పదిహేను వేల మంది పట్టే ఒక్క భవనం కట్టింది. బ్యాంకులు, మందుల కంపెనీలు, ఇన్సూరెన్సులు అన్నీ ఇక్కడ సొంత సెంటర్లు పెట్టుకున్నాయి. మావారు అదే కంపెనీలో ట్రాన్స్‌ఫర్ అడిగి వచ్చారు. మేనేజరు మారలేదు, కోడ్ మారలేదు, కుర్చీ మారింది. 2000 ప్రాంతంలో వచ్చినవాళ్ళు ఉద్యోగాన్నో తల్లిదండ్రుల్నో ఒకటే ఎంచుకోవాల్సి వచ్చేది. ఆ ముడి ఇప్పుడు చాలావరకు వదులైంది, మీ చుట్టూ నాలుగు కుటుంబాలు కదలడానికి అది కూడా కారణమే. మీ కంపెనీకి ఇక్కడ ఆఫీసు ఉంటే మొదట ఆ తలుపే తట్టండి. జీతం తగ్గుతుంది, రాత్రి పదకొండు దాకా కాల్స్ ఉంటాయి. మావారి కాల్స్ వారానికి మూడు రాత్రులు. ఏడేళ్ళయినా నాకు వాటితో సమాధానం కుదరలేదు.

ఇప్పుడు ఇమడలేక వెనక్కి వెళ్ళినవాళ్ళ గురించి. వాళ్ళలో ఎక్కువమంది చేసిన పొరపాటు ఒకటే, మేమూ కాస్తలో తప్పించుకున్నాం. తల్లిదండ్రుల కోసమని వచ్చి, హైదరాబాద్‌లో దిగిపోయారు. కోకాపేటలోనో నార్సింగిలోనో పద్నాలుగో అంతస్తులో ఫ్లాటు. అమ్మానాన్న మాత్రం నరసరావుపేటలోనో జగిత్యాలలోనో. వాళ్ళని ఫ్లాటుకి తెస్తే న్యూజెర్సీ కిటికీ బదులు కోకాపేట కిటికీ, అంతే తేడా. లిఫ్టులో ఎవరూ పలకరించరు, కిందికి దిగితే కార్లు. రెండు నెలలుండి "మా ఊరు మేం పోతాం" అంటారు. అప్పుడు కొడుకుకి కోపం వస్తుంది: మీ కోసం కదా అన్నీ వదులుకుని వచ్చాను అని. ఆ కోపం నేను రెండిళ్ళల్లో చూశాను, చాలా బాధగా ఉంటుంది. పెద్దవాళ్ళు రమ్మనలేదు, వీళ్ళే వచ్చారు. వచ్చి, దగ్గరగా ఉండటమంటే ఏమిటో ముందు మాట్లాడుకోలేదు.

మేం చేసింది ఇది: వాళ్ళని తెనాలి నుంచి కదపలేదు. నెలకి రెండు శని ఆదివారాలు మేమే వెళ్ళేవాళ్ళం, శుక్రవారం రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి ఇంట్లో. 2020లో ఇంటినుంచి పని వచ్చాక ఏడాదిన్నర తెనాల్లోనే ఉన్నాం. మీకు నల్లగొండ ఇంకా దగ్గర, కారులో రెండు రెండున్నర గంటలు. ఈ విషయంలో మీరు అదృష్టవంతులు.

వచ్చిన ఏడాది నవంబరులో నాన్నని లైఫ్ సర్టిఫికెట్‌కి తీసుకెళ్ళాను. ఆయన బ్యాంకులో చేసి రిటైరయ్యారు, పెన్షన్ కోసం బతికే ఉన్నానని ఏటా ఇవ్వాలి. వేలిముద్ర పెట్టే చిన్న యంత్రం ఉంటుంది చూడండి, అందులో ఆయన బొటనవేలు పడలేదు. రెండో వేలు పెట్టారు, పడలేదు. వయసు మీదపడితే ముద్రలు అరిగిపోతాయట. "పోయినేడు కూడా ఇంతే, మూడుసార్లు తిరిగాను" అన్నారు నెమ్మదిగా. పోయినేడు నేను న్యూజెర్సీలో ఉన్నాను, ఈ మూడుసార్లు తిరగడం నాకు తెలియనే తెలియదు. చున్నీతో ఆయన వేళ్ళు తుడిచి, కాస్త వెచ్చబడేదాకా రుద్ది, చూపుడువేలు నేనే పట్టుకుని నొక్కి ఉంచాను. నాలుగోసారి పచ్చలైటు వెలిగింది. ఆయన నాకేసి చూసి నవ్వారు. బయటికొచ్చి ఇద్దరం చెరుకురసం తాగాం. ఇలాంటి పని కోసమేనా అమెరికా వదిలి రావడం అని మీకు అనిపించవచ్చు. నాకు మాత్రం తిరిగొచ్చి ఏం చేశావంటే ముందు గుర్తొచ్చేది ఈ పొద్దే.

అందుకే గట్టిగా చెబుతున్నాను, వచ్చేటట్టయితే వాళ్ళు తిరగగలిగే వయసులో ఉండగా రండి. చాలామంది మంచాన పడ్డాక వస్తారు. అప్పుడు ఆస్పత్రి, నర్సు, స్కానింగులు, బిల్లులు. పక్కన ఉంటారు, అది కూడా గొప్పే. కానీ కలిసి మార్కెట్టుకి పోవడం, పొద్దున్న పేపరు మీద గొడవపడటం, పిల్లలకి తాత ఎక్కాలు నేర్పడం, ఇవన్నీ అప్పుడు దొరకవు. అమ్మ 2022లో పోయింది. మాకు నాలుగేళ్ళు దొరికాయి, అందులో మూడేళ్ళు ఆవిడ తన వంట తను చేసుకుంటూ, మాకు చేసిపెడుతూ ఉంది.

ఇంకో విషయం దాచకుండా చెప్పాలి. కోవిడ్ వల్ల వాడకుండా మిగిలిపోయిన ఫ్యామిలీ వీసాలు ఉద్యోగాల కోటాలోకి కలవడంతో, 2021 వేసవిలో మా 2010 నవంబరు డేట్ కరెంటయింది, అంటే మా వంతు వచ్చింది. మూడేళ్ళు ఆగి ఉంటే కార్డు చేతికొచ్చేది. ఆ నెల మావారు రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. నేనూ ఏమీ అనలేదు. మీరు తిరిగొచ్చాక మీకూ ఇలాంటి వార్త ఏదో ఒకరోజు వినిపించవచ్చు, దానికి ఇప్పుడే సిద్ధపడి ఉండండి.

పిల్లల గురించి. మా పెద్దాడు మూడో తరగతి అయ్యాక వచ్చాడు, చిన్నదానికి అయిదేళ్ళు. చిన్నదానికి ఏమీ తెలియలేదు. పెద్దాడు మొదటి ఏడాది బాగా ఇబ్బంది పడ్డాడు. తెలంగాణలో 2018 చట్టంతో సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ బడుల్లోనూ తెలుగు తప్పనిసరి అయింది. అమెరికాలో మనబడి అనే తెలుగు బడికి శని ఆదివారాలు వెళ్ళి నేర్చుకున్న పిల్లలకి అక్షరాలు, గుణింతాలు వస్తాయి గానీ ఒత్తుల దగ్గరకొచ్చేసరికి చతికిలబడతారు. మా వాడికి ఆ ఒత్తులు తాతే దిద్దించాడు, ఫోన్లో కాదు, అరుగు మీద కూర్చోబెట్టి. అయిదో తరగతి లోపు తెస్తే ఏడాదిలో సర్దుకుంటారు. ఎనిమిదో తొమ్మిదో తరగతిలో తెచ్చినవాళ్ళలో సర్దుకున్నవాళ్ళూ ఉన్నారు, తల్లిదండ్రులతో మాట్లాడటం మానేసినవాళ్ళూ ఉన్నారు.

అక్కడే పుట్టిన పాప కాబట్టి ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చేది) ఉంటుంది. అది 2021 మార్చి 4కి ముందు తీసుకున్నదా, తర్వాతదా చూసుకోండి. ఆ తేదీ తర్వాత కార్డు వచ్చినవాళ్ళు నీట్, జేఈఈ లాంటి వాటిలో ఎన్నారై సీట్లకో, విడిగా ఉంచే అదనపు సీట్లకో మాత్రమే అర్హులు. ముందు తీసుకున్నవాళ్ళకి పాత హక్కులు ఉంటాయని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. చాలామంది ఇంటర్‌కొచ్చాక ఇది తెలుసుకుని తల పట్టుకుంటున్నారు. ఓసీఐ ఉన్నవాళ్ళు వ్యవసాయ భూమి కొనలేరన్నది కూడా గుర్తుంచుకోండి.

మా పెద్దాడికి ఇప్పుడు పదహారు, ఇంటర్ మొదటి ఏడాది. డిగ్రీకి అమెరికా వెళ్తానంటున్నాడు. వాడి పాస్‌పోర్టు వాడి చేతిలో ఉంది, వెళ్తాడు. ఏ వీసా లైనూ లేదు. "పిల్లల కోసం వచ్చాం" అని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. మేం వచ్చింది మా కోసం, మా అమ్మానాన్నల కోసం. పిల్లల మీద ఆ భారం పెట్టకండి. పెడితే వాళ్ళు వెళ్ళిపోయే రోజు భరించడం కష్టం.

డబ్బు విషయాలు త్వరగా చెప్పేస్తాను, వీటికి మంచి సీఏ దొరుకుతారు. మీ ఒక్కరివే కాదు, మీ ఇద్దరివీ సోషల్ సెక్యూరిటీ (అక్కడి ప్రభుత్వ పెన్షన్) క్రెడిట్లు చూసుకోండి. 40 క్రెడిట్లు, అంటే పదేళ్ళ పని, నిండకపోతే ఆ పెన్షన్ రాదు. ఇండియాకీ అమెరికాకీ మధ్య ఈ విషయంలో ఒప్పందం లేదు కాబట్టి కట్టింది కట్టినట్టే పోతుంది. మీకు నిండే ఉంటాయి, మీ ఆవిడకి నిండకపోవచ్చు. 401కె, అంటే రిటైర్మెంట్ పొదుపు ఖాతా, తొందరపడి తీయొద్దు, 59న్నర ఏళ్ళ లోపు తీస్తే పన్ను కాక 10 శాతం పెనాల్టీ. వచ్చిన మొదటి రెండేళ్ళు, ఒక్కోసారి మూడేళ్ళు మీరు ఆర్‌ఎన్‌ఓఆర్, అంటే పన్ను లెక్కలో ఇంకా పూర్తి రెసిడెంట్లు కానివాళ్ళ కిందకొస్తారు. అంతకుముందు పదేళ్ళలో తొమ్మిదేళ్ళు నాన్ రెసిడెంట్ అయి ఉండాలి, లేదా ఏడేళ్ళలో ఇండియాలో ఉన్న రోజులు 729 మించకూడదు. ఆ సమయంలో అమెరికాలో వచ్చే వడ్డీలు, లాభాల మీద మామూలుగా ఇక్కడ పన్ను ఉండదు. అమ్మేవేవైనా ఉంటే ఆ లోపే అమ్ముకోండి. ఆ గడువు దాటాక విదేశీ ఖాతాలన్నీ ఇక్కడి రిటర్న్‌లో చూపించాలి, మర్చిపోతే జరిమానాలు చాలా పెద్దవి. ఫ్రిస్కో ఇల్లు అమ్మి హైదరాబాద్‌లో విల్లా కొనేద్దామనుకుంటే ఆ కాలం పోయింది. 2023 వేలంలో కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటింది. ముందు ఏడాది అద్దెకుండండి. 110 వోల్టుల మిక్సీలు, కుక్కర్లు మాత్రం అక్కడే ఎవరికైనా ఇచ్చేసి రండి, మేం కంటైనర్లో తెచ్చి అటకెక్కించాం.

మీరు వెళ్ళాలా వద్దా అన్నది నేను చెప్పలేను. కానీ ఒక పని చెయ్యండి. ప్రతిసారీ సంక్రాంతికో పెళ్ళికో మూడు వారాలు వస్తారు కదా, ఇంటినిండా జనం, పిండివంటలు, అందరూ నవ్వుతూ ఉంటారు. ఆ రోజుల్లో వాళ్ళ బతుకు మీకు కనిపించదు. ఈసారి ఏ పండగా లేనప్పుడు, జులైలోనో ఆగస్టులోనో, ఆరు వారాలు వచ్చి నల్లగొండ ఇంట్లోనే ఉండండి. కంపెనీ ఒప్పుకుంటే కొన్నాళ్ళు అక్కడినుంచే పని చెయ్యండి, లేదంటే సెలవు పెట్టండి. బయల్దేరే ముందు స్టాంపింగ్ సంగతి మీ లాయర్‌తో మాట్లాడుకోండి. వచ్చాక నాన్నగారితో బ్యాంకుకి వెళ్ళండి, డాక్టరు దగ్గరకి వెళ్ళండి, కరెంటు బిల్లు ఎవరు కడుతున్నారో, గ్యాస్ సిలిండర్ ఎవరు మారుస్తున్నారో, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారో చూడండి. అమ్మగారిని విడిగా కూర్చోబెట్టి, ఈ రెండేళ్ళలో మాకు చెప్పనివి ఏమేం జరిగాయి అని అడగండి. మొదటిరోజు చెప్పరు. మూడో వారంలో వంటింట్లో ఏదో చేస్తూ చెబుతారు.

ఆ ఆరు వారాలు అయ్యాక మళ్ళీ రాయండి. ఇల్లు అమ్మాలా అద్దెకివ్వాలా, పాపని ఏ బడిలో వెయ్యాలి అన్నది అప్పుడు కూర్చుని లెక్కలతో సహా మాట్లాడుకుందాం.